అరిటాకు, ముల్లు, ‘అందరు మగవాళ్ళు’: లైంగిక హింసపై సాధారణీకరణలు, తెలుగు ఆగ్రహం – మందస నేపథ్యంలో ఒక విమర్శ

వ్యాససంగ్రహం:

లైంగిక హింసను గురించిన చర్చలో ‘మగవాళ్ళు’ అనే బహువచనం వినిపించినప్పుడల్లా తెలుగు సమాజంలో ఆగ్రహం వ్యక్తమవుతూ వచ్చింది. 1980ల నాటి స్త్రీవాద కవిత్వంపై వచ్చిన అభ్యంతరాలలోనూ, 2019 నాటి దిశ ఘటన తరువాతి వాదోపవాదాలలోనూ ఈ ఆగ్రహమే ప్రధానం. పురుషులను గురించిన ఆ సాధారణీకరణ స్త్రీవాదం కల్పించినది కాదనీ, సామెతలోనూ నుడికారంలోనూ అది అంతకుముందే స్థిరపడి ఉన్నదనీ ఈ వ్యాసం నిరూపించే ప్రయత్నం చేస్తుంది. ఆ సాధారణీకరణకు నిజమైన లోపం ఆగ్రహించినవారు చూపిన చోట కాక మరొకచోట ఉన్నదని మందస, కారంచేడు, వాకపల్లి ఘటనల ఆధారంగా చర్చిస్తుంది.

కీలకపదాలు: స్త్రీవాద కవిత్వం, సాధారణీకరణ, సామెత, లైంగిక హింస, మందస, ఉద్దానం, వాకపల్లి.

1. గుడారి రాజమణిపురం

మందస జమీందారీలో అడవిపై హక్కుల కోసం రైతులు సాగించిన పోరాటం 1940లో పోలీసు కాల్పులదాకా వెళ్ళింది. ఆ ఏడాది మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభలు జరిగాయి. కొద్దిరోజులకే, ఏప్రిల్ 1న, గుడారి రాజమణిపురంలో రైతులను నిర్బంధించి తీసుకుపోతున్న పోలీసులకు గున్నమ్మ అనే రైతు స్త్రీ అడ్డంగా నిలిచింది. అప్పటికి ఆమె గర్భవతి. కాల్పులలో ఆమెతోపాటు మరో నలుగురు రైతులు ప్రాణాలు విడిచారు. నాటినుంచి ఆమె ఆ ప్రాంతపు జ్ఞాపకంలో వీరగున్నమ్మగా నిలిచిపోయింది.

ఈ జ్ఞాపకానికి ఒక విశేషం ఉన్నది. గున్నమ్మకు ఎదురుగా తుపాకులు పట్టుకొని నిలిచినవారు పురుషులే. అయినా ఆమెను తలచుకొనేవారు ఎవరూ ఆమె మగవాళ్ళకు ఎదురు నిలిచిందని చెప్పరు. జమీందారుకు ఎదురు నిలిచింది, సర్కారుకు ఎదురు నిలిచింది అని చెబుతారు. ఆమె వెనుక ఉన్నవారూ, ఆమె పక్కన నేలకొరిగినవారూ ఊరి రైతులే. శత్రువును అధికారాన్ని బట్టి గుర్తించడం ఆ నేలకు 1940లోనే అలవడింది. 1960ల చివర పలాస సమీపంలోని బొడ్డపాడు కేంద్రంగా సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను ఉద్యమ సాధనంగా మలచినప్పుడు కూడా భూస్వామి, షావుకారు, పోలీసు – ఈ ముగ్గురే ప్రతినాయకులు. స్త్రీపై జరిగే హింస ఆ సాహిత్యంలో లేకపోలేదు. అది దొరల దౌర్జన్యాలలో ఒకటిగా మాత్రమే కనిపిస్తుంది. గుడిసెలోపలి భర్త ఆ కథల్లో నిందితుడు కాడు. 1969 డిసెంబరులో పాణిగ్రాహితోపాటే మరణించిన పంచాది నిర్మల వంటి స్త్రీలు ఉద్యమంలో ముందు నిలిచినా, ఇంటిలోపలి పెత్తనం ప్రశ్నగా మారడానికి మరో దశాబ్దం పైగా పట్టింది.

ఆ ప్రశ్నను వేసినది స్త్రీవాద కవిత్వం. అది వేసిన వెంటనే ఎదురైన మాట ఒక్కటే: ‘అందరు మగవాళ్ళూ అలాంటివారేనా?’

2. ఆగ్రహానికి ముందే ఉన్న మాట

స్త్రీవాద కవిత్వంపై 1980ల చివర, 1990ల మొదట్లో వచ్చిన అభ్యంతరాలు పలురకాలు. అశ్లీలమన్నవారు ‘నీలి కవితలు’ అనే ముద్ర వేశారు. వర్గపోరాటాన్ని చీలుస్తున్నదని వామపక్ష శిబిరంలో కొందరు వాదించారు. వీటన్నిటికీ అడుగున ఉన్న ఆరోపణ పురుషద్వేషం. కొందరి తప్పును జాతి మొత్తానికి అంటగడుతున్నారన్నది దాని సారం. 1993లో ఓల్గా సంపాదకత్వంలో వెలువడిన ‘నీలిమేఘాలు’ సంకలనం ఈ వాదాల నడుమనే పాఠకులకు అందింది. వేసిన ముద్రలోని రంగునే శీర్షికలోకి తీసుకోవడంలో ఉన్న ధీమా నాటి పాఠకులకు తెలియనిది కాదు.

ఈ ఆరోపణను పరీక్షించడానికి కవిత్వం దగ్గరకు వెళ్ళేముందు సామెత దగ్గరకు వెళ్ళవలసి ఉంటుంది. ముల్లు వచ్చి అరిటాకు మీద పడ్డా, అరిటాకు వెళ్ళి ముల్లు మీద పడ్డా చిరిగేది అరిటాకే అన్న సామెతను మందస నుంచి మదనపల్లె దాకా వినని ఆడపిల్ల ఉండదు. తల్లి చెబుతుంది, మేనత్త చెబుతుంది, పెద్దమనుషుల పంచాయితీలో తీర్పరులూ చెబుతారు. ఇందులో అరిటాకు స్త్రీ అని అందరూ గుర్తిస్తారు. ముల్లు ఎవరన్న సంగతి దగ్గర మాత్రం ఎవరూ ఆగరు. ముల్లు పురుషుడు. ఒకానొక పురుషుడు కాదు, పురుషుడైన ప్రతివాడూ. మంచి ముల్లు, చెడ్డ ముల్లు అనే భేదం సామెతలో లేదు. గుచ్చుకోవడం ముల్లు స్వభావం గనుక దానిని తప్పుపట్టడానికీ వీలులేదు. పురుషజాతి మొత్తాన్ని హింసాస్వభావులుగా చెప్పిన మాట తెలుగులో ఇంతకంటె నిష్కర్షగా మరొకటి దొరకడం కష్టం. ఏ స్త్రీవాద కవయిత్రీ ఇంత దూరం పోలేదు. ఆమెకు పురుషుడు మారగలడన్న ఆశ ఉన్నది కనుకనే కవిత రాసింది. సామెతకు ఆ ఆశ కూడా లేదు.

అయినా ఈ సామెతపై ఏ పురుషుడూ ఆగ్రహించిన దాఖలా లేదు. కారణం సామెత చివరి భాగంలో ఉన్నది. సాధారణీకరణ పురుషుణ్ణి గురించినదే, దాని వల్ల కలిగే బాధ్యత మాత్రం స్త్రీది. ముళ్ళున్నాయి కాబట్టి అరిటాకు కదలకుండా ఉండాలి. పొద్దుగూకకముందే ఇల్లు చేరాలి, కాశీబుగ్గ సంతకు ఒంటరిగా పోరాదు, తోటలో జీడిపిక్కలు ఏరడానికి తోడు లేకుండా వెళ్ళరాదు. తిరిగి ఆడది చెడుతుంది, తిరగక మగవాడు చెడతాడు అన్న మరో సామెత ఇదే విధిని తిరగేసి చెబుతుంది. పురుషుణ్ణి ముల్లని అన్నంతసేపూ ఎవరికీ అభ్యంతరం లేదు. ముల్లు తన నడతకు జవాబు చెప్పాలన్న మరుక్షణం, ‘మేమందరం ముళ్ళమా?’ అన్న ప్రశ్న పుట్టుకొచ్చింది.

జయప్రభ ‘చూపులు’ కవితను ఈ సామెత పక్కన పెట్టి చదివితే దాని నిర్మాణం స్పష్టమవుతుంది. వీధిలో, బస్సులో, పనిచేసే చోట వెంటాడే చూపులు స్త్రీ శరీరానికి గుచ్చుకొనే క్రమాన్ని చెబుతూ మొదలైన ఆ కవిత, ఆమె తిరిగి చూడడం నేర్చుకొనే దశకు చేరి, చివరకు స్త్రీ ఒళ్ళంతా ముళ్ళు మొలిచే రోజును కోరుకుంటుంది. విమర్శకులు దీనిని ఆగ్రహప్రకటనగానే ఎక్కువగా చదివారు. అది సామెతకు ఎదురు సామెత కూడా. ముల్లును పురుషుడి నుంచి తీసి అరిటాకుకు తొడగడం ఆ ముగింపులో జరిగిన పని. కవయిత్రి ఆ సామెతను తలచుకొని రాసినా రాయకపోయినా, ఆ భాషలో పెరిగిన పాఠకుడి మనసులో ముల్లు, స్త్రీ అనే రెండు మాటలు కలిసిన క్షణాన సామెత కదలక మానదు.

సావిత్రి 1984లో రాసిన ‘బందిపోట్లు’ ఇంకా సూక్ష్మమైన ఉదాహరణ. పురుషులపై తీర్పు చెప్పే కవితగా పేరుపడిన ఈ చిన్న రచనలో హింసాత్మకమైన ఘటన ఒక్కటి కూడా లేదు. ఉన్నవి మాటలు. పాఠం రాని ఆడపిల్లను పంతులు పెళ్ళి పేరు చెప్పి బెదిరిస్తాడు. సెలవు ఇవ్వని పై అధికారిని అన్నగారు మొగుడనే మాటతో ప్రస్తావిస్తాడు. మగవాడిగా పుట్టినవాడి వైభవాన్ని ఆడా మగా చెప్పుకుంటారు. ఈ మూడింటి నుంచి పెళ్ళి అంటే ఏమిటో, మొగుడంటే ఎవరో ఆ పిల్ల తనకు తానుగా గ్రహిస్తుంది. స్త్రీల పాలు తాగి పెరిగిన సగం జనమే వారిని చీల్చి ఏలుతున్నదన్న నిర్ణయంతో కవిత ముగుస్తుంది.

ఇక్కడ గమనించవలసినది అన్నగారి మాట. తనను పీడించే అధికారిని మొగుడు అని పిలవడం తెలుగు నుడికారం. ఒకడిని మించిన దుర్మార్గుడు దొరికితే ‘వాడికి వీడు మొగుడు’ అంటారు. పీడించేవాడికీ మొగుడికీ అభేదాన్ని కల్పించింది స్త్రీవాదులు కారు, భాష. ఆ నుడికారాన్ని నిత్యం వాడేది పురుషులే. వారి నోటి మాటను సావిత్రి ఉన్నదున్నట్లుగా తీసుకొని, దానికి అక్షరార్థం చెప్పింది. ఆమెపై ఆగ్రహించినవారు నిజానికి తమ నిఘంటువుపై ఆగ్రహించవలసింది.

3. సాధారణీకరణ అనే పాత పరిభాష

‘సాధారణీకరణ’ అనే మాటను ఇవాళ కొందరి దోషాన్ని అందరికీ ఆపాదించడమనే నిందార్థంలో వాడుతున్నారు. అలంకారశాస్త్రంలో అది నింద కాదు, కావ్యానుభవానికి మూలసూత్రం. భట్టనాయకుడు ప్రతిపాదించి, అభినవగుప్తుడు తనదైన రీతిలో స్వీకరించిన ఈ భావన ప్రకారం విభావాదులు వ్యక్తిగత సంబంధాలను విడిచి సర్వసాధారణమైనప్పుడే సహృదయుడికి రసాస్వాదం కలుగుతుంది. సీత రాముడి భార్యగా మాత్రమే మిగిలిపోతే ప్రేక్షకుడికి ఆ శృంగారంతో పని లేదు.

తెలుగు ప్రబంధాలలో నాయిక అంగాంగ వర్ణన వచ్చిన ప్రతిచోటా ఈ సూత్రం పనిచేసింది. ఆ వర్ణనలో చూసే కన్ను పురుషుడిది. పురుష పాఠకుడు నాయకుడి స్థానంలో ఇబ్బంది లేకుండా ఇమిడిపోయాడు. ‘అందరు మగవాళ్ళూ ఇలా చూస్తారా?’ అని అడగలేదు. ‘చూపులు’ కవితలో కూడా కన్ను పురుషుడిదే. కాని రసం మారింది. ఇక్కడ స్థాయి రతి కాదు, భయం. ఇన్నాళ్ళూ శృంగారానికి ఆశ్రయంగా ఉన్న పురుషుడు మొదటిసారిగా భయానకానికి ఆలంబన విభావమయ్యాడు. ఆలంబనం కావడమంటే ఎదుటివారి భయానికి తాను కారణంగా కనిపించడం. ఆ స్థానంలో తనను చూసుకోవడం పురుష పాఠకుడికి అలవాటు లేదు. అభ్యంతరాల ధ్వనిలోని తీవ్రతకు ఇది చాలావరకు కారణం.

పోలిక కోసం రావిశాస్త్రిని తీసుకోవచ్చు. ‘ఆరు సారా కథలు’లోని ‘మాయ’ కథలో సారా కేసులో ఇరుక్కున్న ముత్యాలమ్మ పోలీసులనూ ప్లీడర్లనూ చదువుకున్న పెద్దమనుషులనూ ఒకే గాటన కట్టి దులిపేస్తుంది. స్వయంగా న్యాయవాది అయిన రచయిత ఆమె నోట పలికించిన ఆ సాధారణీకరణను తెలుగు పాఠకులు నెత్తిన పెట్టుకున్నారు. ప్లీడర్లందరూ అలాంటివారు కారని ఎవరూ వాదానికి దిగలేదు. ముత్యాలమ్మ చెబుతున్నది లెక్క కాదనీ, కింద నిలబడి పైకి చూసినప్పుడు లోకం ఎలా కనిపిస్తుందో చెబుతున్నదనీ పాఠకుడు గ్రహించాడు. అదే పాఠకుడు ‘బందిపోట్లు’ దగ్గరకు వచ్చేసరికి లెక్కలు అడిగాడు.

లెక్కలే కావాలంటే అవీ ఉన్నాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 18–49 ఏళ్ళ వివాహిత స్త్రీలలో 30 శాతం మంది భర్త చేతిలో శారీరక లేదా లైంగిక హింసను ఎదుర్కొన్నారు. 30 శాతం ‘అందరూ’ కాదు, ‘ఎవరో నలుగురు’ కూడా కాదు. అదే సర్వేలో ఏదో ఒక కారణానికి భర్త కొట్టడం సమంజసమేనన్న స్త్రీలు ఈ రాష్ట్రంలో సుమారు 84 శాతం. అరిటాకు సామెత ఎంత లోతుకు దిగిందో ఈ రెండవ అంకె చెబుతుంది.

4. మృగాడు, కీచకుడు

‘అందరూ’ అన్న మాటకు విరుగుడుగా తెలుగు పత్రికాభాష మరో మార్గం కనిపెట్టింది. అత్యాచార వార్తలలో నిందితుణ్ణి ‘మృగాడు’ అని రాయడం ఇప్పుడు పరిపాటి. మగాడు, మృగం అనే మాటలను కలిపి చేసిన ఈ శ్లేష మొదట చూడడానికి పురుషజాతి మీద ఆరోపణలా ఉంటుంది. పనిచేసేది అందుకు విరుద్ధంగా. నేరం చేసినవాడు మనిషి కాదు, మృగం. కనుక మనుషులైన మిగతా మగవాళ్ళకు ఆ నేరంతో సంబంధం లేదు. ‘కామాంధుడు’ అన్న మాటా అంతే. చూపున్నవాడు చేసిన పనిని గుడ్డితనానికి అప్పగిస్తుంది. ఇక జాతీయ నేర గణాంక సంస్థ నివేదికలలో ఏటా కనిపించేది ఏమిటంటే, నమోదైన అత్యాచార కేసులలో తొంభై శాతానికి పైగా నిందితులు బాధితులకు ముందే తెలిసినవారు. బంధువు, ఇరుగుపొరుగువాడు, యజమాని, పెళ్ళి చేసుకుంటానన్నవాడు. మృగం అడవినుంచి వస్తుంది. వీరు వరండాలోనుంచి వస్తారు.

‘కీచకుడు’ అన్న ప్రయోగం ఇంకా చింతించదగినది. ‘కీచక ఉపాధ్యాయుడు’ వంటి శీర్షికలలో కీచకుడంటే కాముకుడని మాత్రమే అర్థం మిగిలింది. తిక్కన విరాటపర్వంలో కీచకుడు కాముకుడు మాత్రమే కాదు. రాణి సుదేష్ణకు సోదరుడు, విరాటరాజు సేనాపతి, ఆ రాజ్యం నిలబడిన బలం. సైరంధ్రి అంతఃపురంలో పనిచేసే స్త్రీ. కీచకుడి మందిరానికి ఆమెను మధువు తెమ్మని పంపినది రాణి. సభలో ఆమె తన్నులు తిన్నప్పుడు రాజు బావమరిదిని అదుపుచేయలేక నోరు కట్టుకున్నాడు. పనిమనిషి, యజమానురాలు, బలవంతుడైన బంధువు, మౌనంగా ఉన్న అధికారి – ఇంత నిర్దిష్టమైన లైంగిక హింసా చిత్రణ తెలుగు కావ్యాలలో అరుదు. 1963 నాటి ‘నర్తనశాల’ చిత్రంలో ఎస్వీ రంగారావు కీచకుడిలో ప్రేక్షకులు చూసినది కూడా ఆ అధికార దర్పాన్నే. పత్రికాభాష కీచకుడినుంచి సేనాపతిత్వాన్ని తీసివేసి కామాన్ని మాత్రం ఉంచింది. విరాటుడు వార్తలోనుంచి అదృశ్యమయ్యాడు.

2019 నవంబరు 27న హైదరాబాద్ శివార్లలో జరిగిన దిశ ఘటన తరువాత ఈ రెండు ధోరణులూ ఢీకొన్నాయి. పురుషులంతా ఆత్మపరిశీలన చేసుకోవాలన్న మాటకు ‘నాట్ ఆల్ మెన్’ అన్న ఆంగ్ల నినాదం బదులుగా వచ్చింది. ఆ వాదన ఇంకా సాగుతుండగానే డిసెంబరు 6న నలుగురు నిందితులూ పోలీసు కాల్పులలో చనిపోయారు. కాల్పులు జరిగిన చోట పూలవాన కురిసింది. నేరాన్ని నలుగురు మృగాళ్ళకు పరిమితం చేసి, వారిని తొలగించడంతో సమస్య తీరిందనుకోవడం ‘అందరూ కాదు’ అన్న వాదానికి పరాకాష్ఠ. ఆ కాల్పులు ఉద్దేశపూర్వకంగా జరిగాయని జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ తేల్చిన నివేదిక 2022లో బయటకు వచ్చేనాటికి పూలు చల్లినవారి ఆసక్తి మరోవైపు మళ్ళింది.

5. బహువచనంలో దాగినవారు

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి స్త్రీవాద కవిత్వపు సాధారణీకరణ నిర్దోషమని తేల్చడం తొందరపాటు. దానికి లోపం ఉన్నది. నిర్దోషులైన పురుషుల మనసు నొచ్చుకోవడం ఆ లోపం కాదు. గుంపు పెద్దదైనకొద్దీ అందులో దోషి దాక్కోవడం సులభమవుతుంది.

‘బందిపోట్లు’ వచ్చిన మరుసటి ఏడాది, 1985 జూలై 17న, ప్రకాశం జిల్లా కారంచేడులో దళితవాడపై దాడి జరిగింది. మంచినీటి చెరువును పాడుచేస్తుంటే అడ్డుకొని బిందె ఎత్తిన మాదిగ స్త్రీ సువార్త ధైర్యం దానికి ముందరి ఘట్టం. దాడిలో ఆరుగురు దళితులు హతులయ్యారు. స్త్రీలపై అత్యాచారాలు జరిగాయి. అక్కడ హింసించినవారు పురుషులు, చనిపోయినవారూ పురుషులే. ఒక కులం మరో కులాన్ని లొంగదీయడానికి స్త్రీ శరీరాన్ని ఆయుధం చేసుకున్న చోట ‘మగవాళ్ళు’ అన్న మాట ఎంత సాగదీసినా చాలదు. ఇదే సమయంలో పైట గురించీ చూపుల గురించీ వచ్చిన కవితలలో చాలావాటికి కులం పట్టలేదు. చల్లపల్లి స్వరూపరాణి కవిత్వం, గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన ‘నల్లపొద్దు’ ఈ వెలితిని ఎత్తిచూపాయి. దళిత స్త్రీకి ఇంటి పురుషుడితో తగాదా ఉన్నది. పొలం యజమాని ముందు ఆ పురుషుడే చేతులు కట్టుకొని నిలబడడం కూడా ఆమె చూస్తుంది. ఆ ఇద్దరినీ ఒకే మాటతో పిలవడానికి ఆమె ఒప్పుకోలేదు. పురుషద్వేషం ఆరోపణ చేసినవారెవ్వరూ ఈ విమర్శ దగ్గరకు రాలేకపోయారు. వారి దృష్టి తమ గౌరవం మీదే నిలిచిపోయింది.

శ్రీకాకుళ ఉద్యమ సాహిత్యం దొరను పేరుపెట్టి పిలిచి భర్తను వదిలిపెట్టింది. స్త్రీవాద కవిత్వం భర్తను పట్టుకొని దొరను గుంపులో కలిపేసింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం ఈ రెండింటినీ దాటిన అరుదైన సందర్భం. తాగి కొట్టే భర్తలతో వేగిన స్త్రీలు సారా దుకాణం మీదికీ, వేలంపాట మీదికీ, ఆ పాటతో ఖజానా నింపుకొంటున్న ప్రభుత్వం మీదికీ వెళ్ళారు. భర్తను క్షమించలేదు, భర్త దగ్గర ఆగలేదు. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. ఆ స్త్రీలు ‘మగవాళ్ళందరూ’ అన్నారా లేదా అని ఎవరూ విచారించలేదు. అప్పటికి విచారించవలసినవి అంతకంటె పెద్దవి ఉన్నాయి.

6. వాకపల్లి, వ్యాకరణం

బహువచనం ఎప్పుడూ కవి ఎంపికే కానక్కర్లేదు. కొన్నిచోట్ల అదొక్కటే మిగులుతుంది. 2007 ఆగస్టు 20న విశాఖ మన్యంలోని వాకపల్లిలో పదకొండుమంది కోదు స్త్రీలు గ్రేహౌండ్స్ పోలీసులు తమపై సామూహిక అత్యాచారం చేశారని ఫిర్యాదు చేశారు. వారు చెప్పగలిగినది దుస్తులనుబట్టి. పేర్లు వారికి తెలియవు, తెలిసే అవకాశమూ లేదు. పేర్లను బయటికి తేవలసినది దర్యాప్తు. దాదాపు పదహారేళ్ళు గడిచాక, 2023 ఏప్రిల్‌లో, విశాఖపట్నంలోని ప్రత్యేక న్యాయస్థానం పదముగ్గురు పోలీసులను నిర్దోషులుగా విడుదల చేసింది. దర్యాప్తు అధికారుల వైఫల్యాన్ని ఎత్తిచూపుతూ బాధిత స్త్రీలకు పరిహారం చెల్లించాలని ఆదేశించింది. అపరాధి ఎవరో తేలలేదు, అపరాధానికి పరిహారం మాత్రం ఉన్నది.

శిక్షాస్మృతి ఏకవచనంలో మాట్లాడుతుంది. వాకపల్లి స్త్రీలు బహువచనంలో మాట్లాడారు. ఆ బహువచనాన్ని ఏకవచనంలోకి మార్చవలసిన వ్యవస్థ ఆ పని చేయలేదు. తీరా మార్చనందువల్ల, వారి సాక్ష్యం ఒక దళం మొత్తంపై మోపిన అభాండంగా చిత్రితమైంది. సాధారణీకరణ అన్న నింద ఇక్కడ ఎవరికి ఉపకరించిందో చెప్పనక్కర్లేదు. దీనికి పూర్వరంగం 1978లోనే ఉన్నది. హైదరాబాద్ నల్లకుంట పోలీసుస్టేషన్‌లో అత్యాచారానికి గురైన రమీజాబీ వ్యవహారంలో జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టింది. తరువాత కర్ణాటకలోని రాయచూరులో జరిగిన విచారణలో నిందితులు బయటపడ్డారు. ఆమెను నడవడిలేని స్త్రీగా చూపించడమే వారి రక్షణ. స్త్రీల విషయంలో సాధారణీకరణ వాదంగా చెల్లింది.

న్యాయశాస్త్రంలో ఈ వివాదం సూటిగానే నడిచింది. 2013 ఫిబ్రవరి నాటి ఆర్డినెన్స్ అత్యాచార నేరాన్ని లింగభేదం లేకుండా నిర్వచించింది. స్త్రీలపై ఎదురు కేసులు పెట్టడానికి అది దారి తీస్తుందని మహిళా సంఘాలు వ్యతిరేకించాయి. తరువాత వచ్చిన చట్టం నిందితుడి స్థానంలో పురుషుణ్ణే నిలిపింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయసంహిత 63వ సెక్షన్ కూడా అదే మాట వాడుతుంది. చట్టం పురుషుణ్ణి నేరం చేయగలవాడిగా గుర్తిస్తున్నది, చేసినవాడిగా కాదు. ఈ తేడాను విస్మరించడంలోనే ఆగ్రహం పుడుతున్నది. ఒక్క న్యాయమైన ఫిర్యాదు మాత్రం మిగులుతుంది. పాత స్మృతిలోని 377వ సెక్షన్ కొత్త సంహితలో లేకపోవడంతో, అత్యాచారానికి గురైన వయోజన పురుషుడికి ఆ పేరుతో రక్షణ లేకుండాపోయింది. పద్దెనిమిదేళ్ళలోపు మగపిల్లలకు 2012 నాటి పోక్సో చట్టం ఉన్నది. ‘అందరు మగవాళ్ళూ కాదు’ అని గొంతెత్తినవారు ఈ పురుషుడి గురించి ఇంత గట్టిగా మాట్లాడి ఉంటే వారి వాదానికి బరువు పెరిగేది.

7. జీడి బట్టీల దగ్గర

పలాస–కాశీబుగ్గ జీడిపప్పు పరిశ్రమలో పిక్క కొట్టేదీ, పప్పు పొట్టు తీసేదీ, గుండు, బద్ద, నూక వేరుచేసేదీ ఎక్కువగా స్త్రీలే. మందస, సోంపేట, వజ్రపుకొత్తూరు తోటల పంట అక్కడికే చేరుతుంది. జీడిసొన చేతులను నల్లబరుస్తుంది, కాలుస్తుంది. ఇలాంటి చోట ఒక స్త్రీకి వేధింపు ఎదురైతే ఆమెకు అందుబాటులో ఉన్నది పని ప్రదేశాలలో లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం. పదిమంది, అంతకుమించి పనిచేసే చోట యజమాని అంతర్గత కమిటీ వేయాలి. అంతకంటె చిన్న బట్టీలో, ఇంటి వసారాలో పనిచేసే స్త్రీ జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేసుకోవాలి. గడువు మూడు నెలలు.

ఆ ఫిర్యాదులో ‘మగవాళ్ళు’ అన్న మాట పనికిరాదు. ‘మృగాడు’ కూడా పనికిరాదు. ఒక మనిషి పేరు రాయాలి. ఆ మనిషి బట్టీ యజమాని కావచ్చు, కూలీ లెక్కలు చూసే మేస్త్రీ కావచ్చు, సాయంత్రం ఇంటికి దించే ఆటో నడిపేవాడు కావచ్చు. పేరు రాసిన మర్నాడు ఆమెకు పిక్కలు తూచి ఇవ్వవలసినది వారిలో ఒకడు. అరిటాకు సామెతను చిన్ననాటినుంచి విన్న ఆమెకు, పేరు రాయకపోవడం భయం కాదు, బుద్ధి అని చుట్టూ ఉన్న ఆడవాళ్ళే చెబుతారు. మాట్లాడుకొనేటప్పుడు మాత్రం ఆమె బహువచనమే వాడుతుంది. ‘ఈ మగోళ్ళు ఇంతే’ అంటుంది. ఆ వాక్యం విని పక్కనున్న స్త్రీలు తలలూపుతారు. ఎవరిని గురించి అన్నదో వారికి తెలుసు.